బడ్జెట్టు వార్తలును రైతు పద్దు పుస్తకమును

2025 ఫిబ్రవరి 1వ తేదీన కేంద్ర ఆర్థిక మంత్రిణి శ్రీమతి నిర్మలా సీతారామన్‌గారు 2025-26 సంవత్సరపు ఆదాయ వ్యయ పట్టికను లోకసభలో సమర్పించినప్పుడు లేచిన కోలాహలము మన సభ్యులలో పలువురకు జ్ఞప్తియందుండును. పండ్రెండు లక్షల రూపాయల వరకు ఆదాయపు పన్ను లేదన్న యొక్క మాట తక్కిన మాటల నన్నింటిని మ్రింగివైచినది. పట్టణములందు ఉద్యోగులు సంతోషించిరి. గ్రామములందు రచ్చబండలయొద్ద ‘మనకేమి వచ్చినది?’ యను ప్రశ్న పుట్టినది. కొందరు ‘అంతయు ఉద్యోగులకే’ యని నిష్ఠురములాడిరి. కొందరు ‘కిసాన్ కార్డు అప్పు అయిదు లక్షలాయె’నని ఉత్సహించిరి. తక్కినవారు ‘ఎవరి పట్టిక యెట్లున్నను మన నాగలి మనకు తప్ప’దని ఊరకుండిరి.

ఈ మూడు తెరంగుల మాటలును పద్దు చూడక పలికిన మాటలే యని నా యభిప్రాయము. బడ్జెట్టువలన రైతునకు మేలు కలిగినదా లేదా యనునది వార్తలో తేలునది కాదు. ప్రకటించిన మాట ఉత్తరువై యెప్పుడు వచ్చినది, అది తన కమతమునకు ఎంతవరకు వర్తించినది, వాయిదా నాటికి తానేమి చేసెను అను మూడు లెక్కలలో తేలును. ప్రదర్శన క్షేత్రముల నిమిత్తము గ్రామములు తిరుగు మాబోంట్లకు ఈ మూడు లెక్కలును వేసికొనిన రైతులు మిక్కిలి అరుదుగా కనబడుచున్నారు. కావున వానిని ఈ పత్రికాముఖమున సోదర సభ్యుల యెదుట ఉంచుచున్నాను.

మొదట, కోలాహలమునకు కారణమైన పన్ను సంగతి. నూతన పద్ధతియందు నాలుగు లక్షల వరకు పన్ను లేదు. అటుపైన మెట్టు మెట్టుగా నూటికి అయిదు మొదలు ముప్పది వరకు పన్ను కలదు. అయినను పండ్రెండు లక్షలకు మించని ఆదాయము కలవారికి రు. 60,000ల వరకు తగ్గింపు నిచ్చి పన్నును పూర్తిగా తీసివేసిరి. జీతగాండ్రకు రు. 75,000ల సామాన్య మినహాయింపును చేర్చినచో పండ్రెండు లక్షల డెబ్బదియైదు వేల వరకు పన్ను లేదన్నమాట. ముందటి సంవత్సరమున ఇదే పద్ధతియందు పండ్రెండు లక్షల ఆదాయముపై సెస్సు గాక రు. 80,000లు పన్ను పడుచుండెను. ఈ మార్పువలన ప్రభుత్వమునకు సుమారు లక్ష కోట్ల రూపాయల రాబడి తగ్గునని మంత్రిణిగారే చెప్పిరి.

ఇందుకు రైతు అసూయపడవలసిన పని లేదు. వ్యవసాయాదాయమునకు 1886 నాటి చట్టము మొదలు ఆదాయపు పన్ను మినహాయింపు కలదు. దానిపై పన్ను వేయు నధికారమును రాజ్యాంగము రాష్ట్రములకే విడిచినది. 1961 చట్టమునకు బదులుగా 2025లో చేయబడిన నూతన చట్టమందును ఆ మినహాయింపు నిలిచియే యున్నది. మనము కట్టని పన్నును ఇతరులకు తగ్గించిరని దుఃఖించుట న్యాయము కాదు.

అట్లని ‘రైతు పన్ను కట్టడు’ అని పట్టణమున వినవచ్చు మాటయు న్యాయము కాదు. ఎరువు బస్తాపై నూటికి అయిదు చొప్పున వస్తు సేవల పన్ను కలదు. నాగలి సాళ్ళలో తిరుగు ట్రాక్టరు త్రాగు డీజిలుపై కేంద్ర సుంకమును రాష్ట్రపు పన్నును రెండును కలవు. ట్రాక్టరుపై నూటికి పండ్రెండుగా నున్న పన్ను 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండియే అయిదునకు దిగినది. తాను కొను వస్తువులపై పడిన పన్నును వ్యాపారి ధరలో కలుపుకొనలేని రైతు దానిని తానే భరించుచున్నాడు, ఏలనన తన పంటకు ధర నిర్ణయించువాడు తాను కాడు. ఉద్యోగి పన్ను అతని జీతపు చీటిమీద కనబడును. రైతు పన్ను కొట్టు రసీదులో దాగియుండును. కనబడని పన్నుకు తగ్గింపు కోరువాడు లేడు. ఎరువులపై ప్రభుత్వము మోయు సబ్సిడీ భారము పెద్దదేయని ఒప్పుకొనవలసినదే. కాని ఒక చేత నిచ్చునదియు మరియొక చేత పుచ్చుకొనునదియు రెండును పద్దునకెక్కిననాడే లెక్క సరియగును.

ఇక నీ పన్ను మార్పు మన గడపకు రాలేదనుటయు సరికాదు. మన సభ్యుల బిడ్డలు అనేకులు హైదరాబాదునను బెంగుళూరునను చెన్నపట్టణమునను ఉద్యోగములు చేయుచున్నారు. పండ్రెండు లక్షల ఆదాయముగల కుమారునికో కుమార్తెకో మిగిలిన రు. 80,000లలో కొంత పాలు ఇంటికి రాగలదు. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. పాత పద్ధతియందు జీవిత భీమా, ప్రావిడెంటు ఫండు, జాతీయ పొదుపు పత్రములు మున్నగు వానియందు సంవత్సరమునకు లక్షన్నర వరకు దాచినవారికి పన్నులో మినహాయింపు దొరకెడిది. పన్ను తప్పించుకొనుటకైనను దాచుకొను నలవాటు అందువలన అనేక కుటుంబములలో నిలిచినది. నూతన పద్ధతియందు ఆ మినహాయింపు లేదు. దాచినను దాచకున్నను పన్ను ఒక్కటియే. ప్రభుత్వము పొదుపు చేయుమని చేయి పట్టుకొని నడిపించుట మానినదనియే దీని భావము. వ్యయము పెరిగిన వ్యాపారము పెరుగునని ఆర్థికవేత్తలు సంతోషింతురు గాక. కుటుంబ పెద్దకు మాత్రము ఇది జాగరూకతకు కాలము.

అట్టి మిగులు ఇంటికి వచ్చినచో దానిని ఎచ్చట పెట్టవలెను? మన గ్రామములందు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ సర్వసాధారణము. అనగా ఏడాదికి నూటికి ఇరువదినాలుగు. రు. 80,000లతో అట్టి బాకీ తీర్చినచో ఏడాదికి రు. 19,200లు మిగులును. అదే సొమ్మును బ్యాంకులో వేసి నూటికి ఏడు చొప్పున వడ్డీ వచ్చినదనుకొన్నను రు. 5,600లు మాత్రమే. ఇంట అధిక వడ్డీ బాకీ యుండగా బయట దాచుకొను ధనము నిండుకుండకు చిల్లి పెట్టి ప్రక్కన గిన్నె నుంచుట వంటిది. ముందు బాకీ, తరువాత బావి, బిందుసేద్యపు గొట్టములు, ఆ తరువాత డిపాజిట్టు అను క్రమమును నేను సూచించెదను.

వృద్ధులైన సభ్యులకు మరియొక చిన్న మేలు ఆ పట్టికయందు కలదు. అరువదియేండ్లు నిండినవారి డిపాజిట్టు వడ్డీనుండి మొదలుననే పన్ను కోయుటకు గల హద్దును రు. 50,000ల నుండి లక్షకు హెచ్చించిరి. భూసేకరణ సొమ్మునో బిడ్డలు పంపిన సొమ్మునో సహకార బ్యాంకులలో నుంచుకొన్న ముసలివారికి ఇది యుపయోగకరమే. అది కోతకు హద్దేగాని పన్నుకు హద్దు కాదని మాత్రము గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదను. ఆ పట్టికయందు రైతులను మిక్కిలి యాకర్షించిన వాక్యము కిసాన్ క్రెడిట్ కార్డులపై వడ్డీ రాయితీ వర్తించు అప్పు హద్దును మూడు లక్షలనుండి అయిదు లక్షలకు పెంచెదమనునది. మరునాటినుండి ‘ప్రతి రైతునకు అయిదు లక్షలు’ అను మాట ఊరూర వ్యాపించినది. కాని 2025 మే 28వ తేదీన కేంద్ర మంత్రివర్గము ఆ సంవత్సరమునకు వడ్డీ రాయితీ పథకమును పొడిగించినప్పుడు పథకపు కట్టుబాటులో మార్పు లేదనియే చెప్పినది. ఆ ప్రకటనయందు మూడు లక్షల మాటయే కలదు. ఫిబ్రవరిలో విన్న అయిదు లక్షలను నమ్మి ఖరీఫుకు ముందు కౌలు పెంచుకొన్నవాని గతి యేమి? ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము’ అను సామెత ఇట్టి సందర్భమునకే పుట్టినది. అప్పు తీసికొనుటకు పోవునప్పుడు నాటికి అమలులోనున్న హద్దు ఎంతయో సంఘ కార్యదర్శిని అడిగి, ఉత్తరువు చూచి, పిదప పెట్టుబడి నిర్ణయించుకొనవలెను. ప్రభుత్వమువారికి నా విన్నపమేమనగా, బడ్జెట్టునందు హద్దు మాట చెప్పినప్పుడే అది యే తేదీనుండి అమలగునో కూడ చెప్పవలెను. రైతు పని ఋతువునకు కట్టుబడినది. జూనులో విత్తవలసినవానికి డిసెంబరులో వచ్చు ఉత్తరువు గతించిన వర్షము వంటిది.

హద్దు హెచ్చినదే యనుకొందము. ఎవరికి హెచ్చును? పంట అప్పు మొత్తము కార్డు హద్దునుబట్టి గాక, ఏ పంటకు ఎకరమునకు ఎంత యప్పు ఇయ్యవచ్చునని జిల్లాలో నిర్ణయించు లెక్కనుబట్టి వచ్చును. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము ఆంధ్రప్రదేశమున సగటు కమతము 0.94 హెక్టారు, తెలంగాణమున 1.00 హెక్టారు. అనగా రెండు మూడు ఎకరముల లోపుననే. ఉదాహరణకు మూడెకరముల రైతునకు ఎకరమునకు రు. 60,000ల చొప్పున అప్పు నిర్ణయమైనదనుకొన్నను మొత్తము రు. 1,80,000లే. అతనికి మూడు లక్షల హద్దే తగులలేదు, అయిదు లక్షల హద్దు తగులుట యెక్కడ? మిరప, పసుపు, అరటి మున్నగు అధిక పెట్టుబడి పంటలు విస్తారముగా వేయువారికి మాత్రము అది నిజమైన మేలు. దానిని నేను కాదనను.

ఆ మూడెకరముల రైతునకు నిజముగా తగిలినది బడ్జెట్టులోని మాట కాదు. 2025 జనవరి 1వ తేదీ నుండి తాకట్టు లేకుండ ఇయ్యవలసిన వ్యవసాయపు అప్పు హద్దును రిజర్వు బ్యాంకు రు. 1,60,000ల నుండి రెండు లక్షలకు పెంచినది. మన రు. 1,80,000ల రైతు సరిగా ఆ రెండింటి మధ్యనున్నాడు. అతడు భూమి తనఖా పెట్టకుండ అప్పు పొందుటకు ఆ యుత్తరువు వీలు కల్పించినది. అందునుగూర్చి రచ్చబండల యొద్ద సంతోషించినవారిని నేను చూడలేదు. కోలాహలము ఒకచోట, ప్రయోజనము మరియొకచోట నుండుటకు ఇంతకన్న మంచి దృష్టాంతము దొరకదు.

ఇక వాయిదా సంగతి. 2025-26 సంవత్సరమునకు ఆ పథకము క్రింద పంట అప్పుపై వడ్డీ నూటికి ఏడు, గడువులోపల తీర్చినవానికి నూటికి మూడు తిరిగి ఇయ్యబడును, నికరముగా నాలుగు. పై రైతు లెక్కయే వేసి చూతము. రు. 1,80,000లపై ఏడాదికి ఏడు చొప్పున రు. 12,600లు. గడువులోపల తీర్చినచో రు. 5,400లు తగ్గి రు. 7,200లు. అదే సొమ్మును నెలకు నూటికి రెండు చొప్పున షావుకారు వద్ద తెచ్చినచో రు. 43,200లు. సంఘపు అప్పునకును షావుకారు అప్పునకును గల భేదము రు. 36,000లు. 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ సహాయము ఏటికి రు. 6,000లు, 2025-26 పట్టికయందును దానిని పెంచలేదు. దానిని పెంచలేదని మనము చింతించితిమి, అది న్యాయమైన చింతయే. కాని సంఘములో సకాలమున అప్పు తీసికొని సకాలమున తీర్చిన రైతు ఒక్క యేట సంపాదించుకొను మేలు ఆరేండ్ల కిసాన్ సొమ్మునకు సమానము. గడువు దాటిన రైతు పోగొట్టుకొను రు. 5,400లు ఒక యేటి కిసాన్ సొమ్మునకు ఇంచుమించు సమానము. ఢిల్లీలో మంత్రి చేయగల మేలుకన్న మన గోడమీది పంచాంగమున ఎఱ్ఱ సిరాతో గుర్తించిన వాయిదా తేదీ చేయగల మేలు తక్కువది కాదు.

గడువు మాట వచ్చినప్పుడు ఒక దురాచారమును పేర్కొనక తప్పదు. పంట అమ్ముడుపోకముందే వాయిదా వచ్చుటచే కొందరు పది దినములకని బయట అప్పు తెచ్చి, సంఘమున కట్టి, మరల అప్పు తీసికొని బయటివానికి తీర్చుచున్నారు. బయటివాడు పది దినములకును నెల వడ్డీయే పట్టుకొనినచో రు. 1,80,000లకు రు. 3,600లు పోవును. తిరిగివచ్చు రు. 5,400లలో మూడింట రెండు పాళ్ళు ఈ విధముగా ఇతరుల పాలగుచున్నవి. ఇది రైతు దోషము మాత్రమే కాదు. పంట చేతికి వచ్చి అమ్ముడగు కాలమునకును వాయిదాకును పొత్తు కుదురునట్లు అప్పు ఇచ్చు తేదీని ముందుగానే సరిచూచుకొనుట సంఘముల విధి.

వీరందరికన్న దీనుడు కౌలు రైతు. అయిదు లక్షల హద్దును విని అతడు నవ్వుకొనియుండును, ఏలనన పాసుపుస్తకము లేనివానికి అయిదైనను మూడైనను ఒక్కటియే. ఆంధ్రప్రదేశమున 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలుదారునకు పదునొకండు నెలలకు చెల్లు కార్డు ఇయ్యవచ్చును. దానికి భూస్వామి యంగీకారము కావలెను. సంతకము చేసిన భూమి పోవునేమోయను భయముచే అనేకులు సంతకము చేయరు. తత్ఫలితముగా పొలమున చెమటోడ్చువాడు నూటికి ఇరువదినాలుగు వడ్డీకి తెచ్చుచుండగా, నూటికి నాలుగు వడ్డీ యప్పు పొలము గట్టెక్కని భూస్వామి పేర నుండుటయు తటస్థించుచున్నది. మంత్రిణిగారు తమ యుపన్యాసమున మన గురజాడ అప్పారావుగారిని స్మరించిరి. దేశమనగా మనుష్యులని చెప్పిన ఆ గేయమును మనవారెవ్వరును మరువరు. మట్టికి పట్టా యున్నది, మనుష్యునకు లేదు. ఈ కొరత తీరువరకు ఆ గేయ స్మరణము సంపూర్ణము కాదని సవినయముగా మనవి చేయుచున్నాను. ఈలోపల సంఘములు చేతులు ముడుచుకొని యుండనక్కరలేదు. నలుగురు మొదలు పదిమంది వరకు కౌలుదారులను ఒకరికొకరు పూచీగా సంయుక్త బాధ్యతా సంఘముగా కూర్చి అప్పు ఇయ్యవచ్చును.

బడ్జెట్టును ఫిబ్రవరి దినమొక్కటితో కొలువరాదనుటకు ప్రత్తి సంగతి చాలును. ఆ పట్టికయందే ప్రత్తి యుత్పత్తికై అయిదేండ్ల ప్రత్యేక కార్యక్రమమును ప్రకటించిరి. ఆదిలాబాదు వరంగల్లు మండలముల రైతులు సంతోషించిరి. అదే సంవత్సరము ఆగస్టు 19వ తేదీ నుండి విదేశీ దూదిపై నూటికి పదునొకండు దిగుమతి సుంకమును తొలగించి, మొదట సెప్టెంబరు నెలాఖరు వరకని చెప్పి, పిమ్మట డిసెంబరు నెలాఖరు వరకు పొడిగించిరి. మన ప్రత్తి మార్కెట్టునకు వచ్చునది సరిగా ఆ నెలలలోనే. మిల్లులకు దూది చౌకగా కావలెననుట నిజమే. కాని ఫిబ్రవరిలో కార్యక్రమము విని ఎకరములు పెంచిన రైతునకు ఆగస్టు మాట తెలియకపోయినచో నష్టమెవరిది? ఆ యేట పొడుగు పింజ ప్రత్తికి క్వింటాలునకు రు. 8,110ల మద్దతు ధర యుండెను. తేమ తగ్గించి ప్రభుత్వ కొనుగోలు కేంద్రమునకు చేర్చగలిగినవానికే అది దక్కును. కావున ధర మాటయు సుంకము మాటయు ఏడాది పొడవున కనిపెట్టి చూడవలసినవే.

ఇంతవరకు చెప్పినదానినుండి సభ్యులు ఆచరణలో పెట్టదగినవి కొన్ని కలవు. ప్రతి కుటుంబమునను ఒక పద్దు పుస్తకముండవలెను. అందు పంటవారీగా పెట్టుబడియు, అప్పు తెచ్చిన తేదీయు, వడ్డీ రేటును, వాయిదా తేదీయు వ్రాయవలెను. అక్షరములు రాని పెద్దలకు బడికిపోవు బిడ్డలు వ్రాసిపెట్టగలరు. ప్రతి సంఘమునను బడ్జెట్టు వెలువడిన తరువాతి నెల సమావేశమున దానిని వార్తగా గాక అంకెలుగా చదివి వినిపించవలెను. అందులో ఉత్తరువు వచ్చినవేవి, ఇంకను మాటగానే యున్నవేవి యను రెండు పట్టికలు గోడమీద అంటించవలెను. వాయిదాకు నెల ముందు ఆయా సభ్యుల పేర్లు చదివి జ్ఞాపకము చేయవలెను. కౌలుదారులను విడిచిపెట్టరాదు.

ఉద్యోగులకు కలిగిన మేలునకు సంతోషింతము. వారిలో మన బిడ్డలును కలరు. మనకు రావలసినదానిని అడుగుటయు మానవలదు. కాని అడుగునప్పుడు అంకెతో అడుగవలెను. ‘మాకేమియు ఇయ్యలే’దన్న మాటకు ఏ ప్రభుత్వమైనను ఏదో యొక పథకము పేరు చెప్పి తప్పించుకొనగలదు. ‘మూడెకరముల రైతునకు మీ హద్దు తగులలేదు, కౌలుదారునకు మీ కార్డు చేరలేదు, మీ మాటకు తేదీ లేదు’ అని పద్దు పుస్తకము తెరచి చూపిన రైతునకు మాత్రము సమాధానము చెప్పకుండుట కష్టము.